మా పిల్లలు మీ లైను మీద నిలబడ్డాక మా జిల్లా మీకు లోకల్ కాకుండా ఎలా పోతుంది? ఒక కార్ల కంపెనీ యాజమాన్యానికి శ్రీకాకుళం నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కంపెనీ యాజమాన్యానికి, హెచ్‌ఆర్ విభాగానికి, సీఎస్‌ఆర్ (కంపెనీ సామాజిక బాధ్యత) పనులు చూసే అధికారులకు,

నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లాలో ఐటీఐ పిల్లలకు ఫిట్టర్ ట్రేడు చెప్పి రిటైరైన మాస్టర్ని. మీకు నేను రాయడం ఇది మొదటిసారి కాదు. నిరుడు జూన్‌లో రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాను, అందినట్టు సంతకంతో కార్డు తిరిగొచ్చింది, జవాబు మాత్రం రాలేదు. సెప్టెంబరులో మా అబ్బాయి చేత ఈమెయిల్ పెట్టించాను. "మీ మెయిల్ అందింది, సంబంధిత విభాగానికి పంపాం" అని కంప్యూటర్ దానంతటది ఇచ్చే జవాబొకటి వచ్చి అక్కడితో ఆగిపోయింది. సంక్రాంతికి ముందు ఫోన్ చేశాను. ఎత్తిన అమ్మాయి మర్యాదగానే, తెలుగులోనే మాట్లాడింది, నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నది, చివర్లో ఒక మాట అంది: "సార్, మీ జిల్లా మా లోకల్ ఏరియా కిందికి రాదండీ."

ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు, తనకు ఏం చెప్పమన్నారో అదే చెప్పింది. కానీ ఆ మాట అప్పట్నుంచీ నన్ను వదలట్లేదు. అందుకే ఇప్పుడు నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మీ పేరు ఇక్కడ పెట్టట్లేదు. మా పిల్లలు ఇంకా మీ దగ్గర షిఫ్టుల్లో ఉన్నారు, నా రాతల వల్ల వాళ్లకు ఇబ్బంది రాకూడదు. చదివితే ఇది ఎవరికి రాశానో మీకే తెలుస్తుంది.

ఏటా ఎండాకాలం అయ్యేసరికి మీ వాళ్లు మా వైపు జాబ్ మేళాలకు వస్తారు. ఫిట్టర్, వెల్డర్, మోటార్ మెకానిక్, ఎలక్ట్రీషియన్, డిప్లొమా మెకానికల్ పిల్లల్ని వరసలో కూర్చోబెట్టి ఒక చిన్న పరీక్ష పెట్టి, చేతులు, కళ్లు చూసి, వారం తిరక్కుండా ఆఫర్ లెటర్ ఇస్తారు. ఆముదాలవలసలో, అదే శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో, రైలెక్కితే చెన్నై సుమారు 900 కిలోమీటర్లు. మన రాష్ట్రంలోనే పెనుకొండలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి కదా అంటారేమో, మాకు పెనుకొండ ఇంకా దూరం, దాదాపు వెయ్యి కిలోమీటర్లు. అంటే మా పిల్లాడు కారు ఫ్యాక్టరీలో పని కావాలనుకుంటే ఎటు వెళ్లినా అమ్మానాన్నలకి ఒక రాత్రి, ఒక పగలు దూరంలో ఉండాల్సిందే.

వలస మాకు కొత్త కాదు. గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీద పనికెళ్లిన మా మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్తాన్ వాళ్లకు చిక్కి 2020 జనవరిలో గానీ ఇళ్లకు చేరలేదు. అదే 2018లో, అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. కొబ్బరి మళ్లీ నాటితే కాపుకొచ్చేసరికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలోనే చాలా ఇళ్లలో మగపిల్లలు ఐటీఐ కాగితం పట్టుకుని మీలాంటి కంపెనీల బస్సెక్కారు. నా చేత్తో నేనే ఎక్కించాను. ఆరు బ్యాచుల్లో 43 మంది. వాళ్ల పేర్లు, ఊళ్లు, నాన్నల ఫోన్ నంబర్లు ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను, ఇప్పటికీ నా దగ్గరుంది. ఈరోజుకి మీ గేటు లోపల ఉన్నవాళ్లు 11 మంది. పర్మనెంట్ అయినవాళ్లు ఇద్దరు.

ఇప్పుడు ఆ "లోకల్ ఏరియా" సంగతికి వస్తాను. ప్లాంటు చుట్టుపక్కల ఊళ్లలో మీరు స్కూళ్లకు బెంచీలిచ్చారు, మంచినీళ్ల ప్లాంట్లు పెట్టారు, కంటి వైద్య శిబిరాలు నడిపారు, ఫోటోలు నేనూ చూశాను. మంచి పనులు. ఆ ఊళ్లు మీకు భూమి ఇచ్చాయి, మీ లారీల దుమ్ము భరిస్తున్నాయి, వాళ్ల వాటా తగ్గించి మాకివ్వమని నేను చచ్చినా అడగను. నేను అడిగేది ఒక్కటే, భూమిచ్చిన ఊరు మీకు లోకల్ అయినప్పుడు మనిషినిచ్చిన ఊరు ఎందుకు కాదు? కంపెనీల చట్టం 135వ సెక్షన్‌లో గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలని ఉంది, అందులో కంపెనీ పనిచేసే చోటికి, చుట్టుపక్కలకి ప్రాధాన్యం ఇవ్వమని ఉంది. ప్రాధాన్యం అంది గానీ వేరేచోట ఖర్చు పెట్టొద్దని ఎక్కడా అనలేదు. ఆ స్థానిక ప్రాధాన్యం అనేది సూచనే తప్ప తప్పనిసరి కాదని కంపెనీ వ్యవహారాల శాఖే 2021లో వివరణ కూడా ఇచ్చింది. కాబట్టి చట్టం అడ్డొస్తుందన్న మాట దయచేసి ఇంకెవరికీ చెప్పకండి.

ఇంకో మాట, ముందే చెప్పేస్తాను. కింద నేను రాసేవాటిలో చాలావరకు సీఎస్‌ఆర్ డబ్బుతో చేసేవి కావు. సొంత ఉద్యోగుల కోసం పెట్టే ఖర్చు సీఎస్‌ఆర్ లెక్కలోకి రాదని ఆ రూల్స్‌లోనే ఉంది. ఒక ఫ్యాక్టరీ తనకు మనుషుల్ని పంపిన ఊళ్లతో ఎలా మెలగాలి అన్నదే నేను మాట్లాడేది. అందులో డబ్బుతో పనిలేనివే ఎక్కువ.

1. జాబ్ మేళా రోజు చెప్పే మాట, కాగితం మీద ఉండే మాట ఒకటిగా ఉండాలి.

మైకులో ఏం చెప్తారో నేను పక్కనే నిలబడి విన్నాను. "రెండేళ్లు బాగా చేస్తే పర్మనెంట్ అయ్యే చాన్స్ ఉంటుంది." ఆ మాట మా ఊళ్లో అమ్మల చెవిలో పడేసరికి "రెండేళ్లలో పర్మనెంటు" అయిపోతుంది. మీరు అబద్ధం చెప్పారని నేను అనట్లేదు, కానీ ఆ మాట ఎలా వినపడుతుందో మీకు తెలుసు. సంతకం పెట్టించుకునే కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, అందులో ఉద్యోగ హామీ ఏమీ లేదని రాసి ఉంటుంది. పిల్లాడు చదవడు, చదివినా ఆ రోజు ఆనందంలో బుర్రకెక్కదు.

దీని పర్యవసానం ఎవరిమీద పడుతుందో చెప్తాను. రణస్థలం వైపు ఒక రైతుకూలీ కుటుంబం కొడుకు మీ దగ్గర చేరాడని ధైర్యం చేసి ఇంటికి స్లాబు వేసింది, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి. కొడుకు పంపే డబ్బుతో రెండేళ్లు వడ్డీ కట్టారు, అసలు అలాగే ఉంది. మూడో ఏడు మొదలయ్యే సమయానికి పిల్లాడు సర్టిఫికెట్టు పట్టుకుని ఇంటికొచ్చేశాడు. ఆ నాన్న నా దగ్గరకొచ్చి తిట్టలేదు, గొడవ పడలేదు. "మాస్టారూ, ముందే సెప్పుంటే స్లాబు ఎయ్యకపోదుం కదా" అన్నాడు. అంతే అన్నాడు. నేను ఆ రోజు అన్నం తినలేకపోయాను, ఎందుకంటే ఆ పిల్లాణ్ణి పంపించమని ఇంటికెళ్లి మరీ ఒప్పించింది నేనే.

మా పిల్లలు మీ దగ్గర చేరేది అప్రెంటిస్‌లుగా, అంటే శిక్షణలో ఉన్నవాళ్లుగా. అప్రెంటిస్‌ల చట్టం 22వ సెక్షన్ ప్రకారం శిక్షణ పూర్తిచేసిన వాళ్లను ఉద్యోగంలోకి తీసుకునే విషయంలో ప్రతి యజమానీ తన విధానం ఒకటి తయారుచేసుకోవాలి. మీకూ ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని తెలుగులో ఒక పేజీలో అచ్చు వేసి మేళా రోజున ప్రతి పిల్లాడికీ, వాళ్ల అమ్మానాన్నలకీ ఇవ్వండి. దాని కిందే గడిచిన మూడు బ్యాచుల్లో ఎంతమందిని తీసుకున్నారు, ఎంతమందిని ఉంచుకున్నారు అనే రెండు అంకెలు వెయ్యండి. వందలో ఐదుగురే అయితే ఐదుగురే అని రాయండి. అది చూసి కూడా మా పిల్లలు వస్తారు, రారని భయపడకండి, కానీ స్లాబు వెయ్యకుండా వస్తారు.

2. ట్రైనింగ్ అన్నాక ఏదో ఒకటి నేర్పాలి.

ఇది నా వృత్తికి సంబంధించింది కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

మోటార్ మెకానిక్ చదివిన పిల్లాడొకడు మీ అసెంబ్లీ లైను మీద పద్దెనిమిది నెలలు ఒకే స్టేషన్లో ఉన్నాడు. లైను నడుస్తుంటే నిమిషానికో కారు ముందుకొస్తుంది, ఎడమవైపు డోరుకి నాలుగు బోల్టులు గన్‌తో బిగించాలి, పచ్చలైటు వెలగాలి, తర్వాతి కారు. షిఫ్టుకి కొన్ని వందల సార్లు. తప్పు పట్టట్లేదు, లైను పని అలాగే ఉంటుంది, ఎవరో ఒకరు ఆ డోరు బిగించాలి. కానీ ఆ పిల్లాడు వెనక్కొచ్చి శ్రీకాకుళంలో తెలిసిన మెకానిక్ షెడ్డులో చేరితే మొదటిరోజే ఓనరు నాకు ఫోన్ చేశాడు. "మాస్టారూ, కార్ల ఫ్యాక్టరీ నుంచొచ్చాడన్నారు, బ్రేకులో గాలి తియ్యడం రావట్లేదు." ఐటీఐలో నేర్చుకున్నది ఆ పద్దెనిమిది నెలల్లో చేతుల్లోంచి పోయింది, దాని చోట కొత్తది ఏదీ రాలేదు. పిల్లాడు ఇంటికొచ్చి నా ముందు కూర్చుని "నాకు ఏటీ రాదనిపిస్తోంది మాస్టారూ" అన్నాడు. ఇరవై రెండేళ్లవాడు అనే మాటేనా అది?

వాడు రెగ్యులర్ వర్కర్ చేసే పనే చేశాడు. చట్టం మాత్రం అతన్ని వర్కర్ అనదు, శిక్షణలో ఉన్నవాడు అంటుంది. అందుకే వర్కర్‌కి వర్తించే కార్మిక చట్టాలు చాలావరకు అతనికి వర్తించవు, యూనియన్ ద్వారా కూర్చుని మాట్లాడుకునే దారి కూడా లేదు. 2022లో చెన్నై పక్కన ఫోర్డ్ ఫ్యాక్టరీ ఆగిపోయినప్పుడు వర్కర్లు సెటిల్‌మెంట్ కోసం పోరాడి బేరమాడుకున్నారు. అలా బేరమాడే హక్కు అప్రెంటిస్‌కి ఎక్కడుంది? శిక్షణ పేరుతో ఇన్ని హక్కులు తీసేసినప్పుడు ఆ శిక్షణైనా నిజంగా ఇవ్వాలి కదండీ. పైగా ఇందులో ప్రజల సొమ్ము కూడా ఉంది. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టయిపెండ్‌లో (శిక్షణ కాలంలో నెలనెలా ఇచ్చే భత్యంలో) పావు వంతు, నెలకు 1,500 రూపాయల వరకు, కేంద్రం భరిస్తుంది. 2019 రూల్స్‌లో ఐటీఐ వాళ్లకు కనీస స్టయిపెండ్ 7,000 అని పెట్టారు. మీరు అంతకంటే ఎక్కువే ఇస్తున్నారు, ఆ మాట చెప్పకపోతే నాది తప్పవుతుంది.

ఒక పిల్లాణ్ణి ఆరు నెలలకు మించి ఒకే స్టేషన్లో ఉంచకండి. మోటార్ మెకానిక్‌ని ఇంజిన్ షాపులో, చివర్న బండి టెస్టు చేసే చోట, రిపేరు బేలో తిప్పండి. వెల్డర్‌ని బాడీ షాపులో రోబోల పక్కన ఊరికే పార్టులు అందించేవాడిగా కాకుండా వెల్డు నాణ్యత చూసేచోట కొన్నాళ్లు పెట్టండి. ఏ నెల ఏం నేర్చుకున్నాడో ఒక పుస్తకంలో రాసి సూపర్‌వైజర్ సంతకం పెట్టాలి, ఆ పుస్తకం పిల్లాడితోనే ఇంటికి రావాలి.

సీఎస్‌ఆర్ కింద మా జిల్లాకు మీరు ఏదైనా చెయ్యాలనుకుంటే, స్కూలు గోడలకు రంగులొద్దు. మా వైపు ఐటీఐలలో పిల్లలు ఇప్పటికీ కార్బ్యురేటర్ ఇంజిన్ విప్పి నేర్చుకుంటున్నారు. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న ప్రతి కొత్త కారూ బీఎస్-6 (పొగ కాలుష్యం తగ్గించే కొత్త ప్రమాణం), అందులో సెన్సార్లు, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్), స్కానర్ పెట్టి చూడాల్సినవే అన్నీ. మీ లైను మీద తిరస్కరించిన ఇంజిన్లు, గేర్‌బాక్సులు, వైరింగ్ హార్నెస్‌లు కొన్ని, ఒక స్కానర్, వీలైతే టెస్టు బండి ఒకటి మాకివ్వండి. ఎండాకాలం సెలవుల్లో మా మాస్టర్లను రెండు వారాలు పిలిపించి మీ ట్రైనింగ్ సెంటర్లో నేర్పండి. నేను రిటైరయ్యాను, నాకోసం కాదు. ఇప్పుడు చెప్తున్న కుర్ర మాస్టర్లకు నేర్చుకోవాలనే తపన ఉంది, నేర్పేవాళ్లే లేరు.

3. దెబ్బ తగిలితే ఇంటికి చెప్పండి.

ప్రెస్ షాపులో మా కుర్రాడొకడికి కుడిచేతి చూపుడువేలు పోయింది. ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లారు, వైద్యం బాగానే చేయించారు, అక్కడ మీ సూపర్‌వైజర్ రాత్రంతా ఉన్నాడని పిల్లాడే చెప్పాడు, అతనికి నా దండం. కానీ ఇంటికి కబురు మూడోరోజు అందింది, అదీ పక్క మంచం కుర్రాడి ఫోన్ నుంచి. వాళ్లమ్మ నా గుమ్మంలోకొచ్చి నిలబడి "ఆడికి ఏలు పోనాదంట మాస్టారూ, ఆఫీసోలు ఏటి మాటాడుతున్నారో నాకు తెలీట్లేదు" అని ఏడ్చింది. ఫోన్లో అవతల ఇంగ్లీషు, తమిళం, ఇవతల ఈమె. నేనే అందుకుని నాకొచ్చిన ఇంగ్లీషులో మాట్లాడాను.

అప్రెంటిస్‌కి ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) వర్తించదు. అప్రెంటిస్‌ల చట్టం 16వ సెక్షన్ ప్రకారం నష్టపరిహారం బాధ్యత యజమానిదే. ఆ డబ్బు చేతికందడానికి ఎనిమిది నెలలు పట్టింది, ప్రతిసారీ ఏదో ఒక కాగితం తక్కువైంది, ప్రతి కాగితానికీ వాళ్ల నాన్న కూలి మానుకుని మండల ఆఫీసు చుట్టూ తిరిగాడు. ఫిట్టర్‌కి కుడిచేతి చూపుడువేలు అంటే మైక్రోమీటర్ పట్టుకునే వేలు. ఇప్పుడు ఆ కుర్రాడు ఒక పెట్రోలు బంకులో ఉన్నాడు.

అడిగేది ఇది. ఎవరికి దెబ్బ తగిలినా అదేరోజు ఇంటికి తెలుగులో ఫోన్ రావాలి. అమ్మో నాన్నో వచ్చి చూసుకోవడానికి రానుపోను చార్జీలు, ఉండటానికి చోటు ఇవ్వాలి. పరిహారం కాగితాలు మీ మనిషే దగ్గరుండి పూర్తిచేయించాలి. ఆ మనిషి పేరు, నంబరు చేరిన రోజునే ప్రతి ఇంటికీ ఇవ్వాలి.

4. మెడికల్ రిపోర్టు మీ ఫైల్లో ఉంచుకోకండి, పిల్లాడి చేతికివ్వండి.

ఇది మీకు చిన్న విషయంలా కనిపిస్తుంది. మాకు ఇది ప్రాణానికి సంబంధించింది, అందుకే ఈ ఒక్కటి మీరు రేపే చెయ్యొచ్చు, దయచేసి చెయ్యండి.

మా జిల్లాలో ఉద్దానం అనే ప్రాంతముంది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు ఊళ్లు. అక్కడ ఎన్నో ఏళ్లుగా కిడ్నీల జబ్బు ఇంటింటికీ తిరుగుతోంది. షుగరు, బీపీ లేనివాళ్లకు కూడా వస్తోంది, కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో దీనికోసమే 200 పడకల ఆసుపత్రి తెరిచారు. ఈ జబ్బుతో వచ్చిన చిక్కేమిటంటే మొదట్లో ఏ నొప్పీ ఉండదు, కాళ్లు వాచి డాక్టరు దగ్గరకెళ్లేసరికి కిడ్నీలు చాలావరకు పోయి ఉంటాయి. ముందే తెలియాలంటే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీను చూడటమే దారి.

మీరు చేర్చుకునే ముందు పిల్లలకు రక్తం, మూత్రం పరీక్షలు చేస్తారు. ఏటా మళ్లీ చేస్తారు. ఆ రిపోర్టులు నా 43 మందిలో ఒక్కడి చేతికి కూడా రాలేదు. "ఫిట్" అని ఒక ముద్ర, లేదా "అన్‌ఫిట్" అని చెప్పి ఇంటికి పంపడం. కవిటి వైపు పిల్లాణ్ణి ఒకణ్ణి అన్‌ఫిట్ అని పంపేశారు. ఎందుకో చెప్పలేదు. వాడు సిగ్గుతో ఇంట్లో కూడా చెప్పలేదు, ఇంటర్వ్యూ పోయిందన్నాడు. నేను పట్టుబట్టి పరీక్ష చేయిస్తే అప్పుడు తెలిసింది. ఆలస్యం కాలేదు, మందులు వాడుతున్నాడు, బాగున్నాడు. కానీ నేను పట్టుబట్టకపోతే? ఆ సంగతి మీ డాక్టరు చేతిలో కాగితం మీద ఉంది. చెప్పడానికి అరనిమిషం పట్టేది.

వేడి పెయింట్ షాపులో, వెల్డింగ్ దగ్గర పనిచేసేవాళ్లకు నీళ్లు తాగడానికి, బాత్రూముకి వెళ్లడానికి లైను వదిలే వీలుండాలి. తమ చోట కాసేపు నిలబడే రిలీవర్ దొరకలేదని మూడు నాలుగు గంటలు నీళ్లు తాగకుండా నిలబడ్డామని పిల్లలు చెప్పారు. ఎవరికైనా ఇది తప్పే. ఉద్దానం నుంచొచ్చిన పిల్లాడి విషయంలో అయితే మరీ తప్పు. కంటి శిబిరాలు మీ చుట్టుపక్కల ఊళ్లలో పెట్టినట్టే, ఏడాదికి రెండుసార్లు మా ఉద్దానంలో రక్తపరీక్షల శిబిరం పెట్టండి. మీ వాళ్లు జాబ్ మేళాకి వచ్చిన బస్సులోనే ల్యాబ్ మనుషులు కూడా రావచ్చు.

5. సెలవులు, ప్రయాణం, ఓటీ.

అప్రెంటిస్‌తో ఓవర్‌టైమ్ (ఓటీ) చేయించాలంటే అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ (అప్రెంటిస్‌ల సంగతి చూసే ప్రభుత్వ అధికారి) అనుమతి కావాలని చట్టంలో ఉంది. ఆ అనుమతి ఉందో లేదో పిల్లలకు తెలిసేలా బోర్డు మీద పెట్టండి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన లేబర్ కోడ్‌లలో (కొత్త కార్మిక చట్టాల్లో) వేరే రాష్ట్రం నుంచి వచ్చిన వర్కర్‌కి, నిర్ణీత జీతం లోపు ఉంటే, ఏడాదికోసారి సొంతూరికి వెళ్లిరావడానికి చార్జీలు యజమాని ఇవ్వాలని ఉంది. అప్రెంటిస్‌కి అది రాదు. మీరు మనసు పెట్టి ఇవ్వొచ్చు. సంక్రాంతికి మా పిల్లలు చెన్నై మెయిల్ జనరల్ బోగీలో బాత్రూము పక్కన నిలబడి వస్తున్నారు.

6. వెనక్కొచ్చినవాళ్ల సంగతి ఎవరిది?

మీ దగ్గర రెండేళ్లు పూర్తిచేసుకుని వచ్చినవాళ్లలో కొందరు పైడిభీమవరం మందుల కంపెనీల్లో హెల్పర్లుగా చేరారు, కొందరు హైదరాబాదులో బిల్డింగు పనులకు, ఒకడు మళ్లీ ఇంకో కార్ల కంపెనీకి ట్రైనీగానే, మళ్లీ మొదట్నుంచి. ఒకే మనిషి మూడు కంపెనీల్లో మూడుసార్లు "కొత్తగా నేర్చుకుంటున్నవాడు" అవుతున్నాడు, ఇరవై ఏడేళ్లొచ్చాయి, పెళ్లి సంబంధాలు చూసేవాళ్లు "పర్మనెంటేనా" అని అడిగితే తల దించుకుంటున్నాడు. మీకు పార్టులు సరఫరా చేసే చిన్న కంపెనీలు వందల్లో ఉంటాయి, దేశమంతా మీ షోరూములు, సర్వీసు సెంటర్లు ఉంటాయి, శ్రీకాకుళంలో, విజయనగరంలో, విశాఖలో కూడా. మీ దగ్గర నేర్చుకున్న పిల్లాడికి ఆ సర్వీసు సెంటర్లలో మొదటి అవకాశం ఇమ్మని డీలర్లకు ఒక మాట చెప్పడం మీకు ఎంత పని?

వందల కోట్ల ప్రాజెక్టులేవీ నేను అడగలేదని మీరు గమనించే ఉంటారు. నిజం చెప్పాలంటే ఇవన్నీ చెయ్యడానికి మీకు ముందు కావాల్సింది మా జిల్లాతో మాట్లాడే ఒక మనిషి. ప్లాంటు పక్క ఊళ్లకు మీరు ఒక ఆఫీసర్ని పెట్టారు, పంచాయతీల్లో కూర్చుని మాట్లాడతాడు, వాళ్ల ఫిర్యాదులు రాసుకుంటాడు. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం, ఈ మూడు జిల్లాలకు కలిపి అలాంటి మనిషి ఒకణ్ణి, తెలుగు వచ్చినవాణ్ణి పెట్టండి.

పరిశ్రమలు వద్దనేవాణ్ణి కాదు నేను, జీవితమంతా పిల్లల్ని పరిశ్రమలకోసమే తయారుచేశాను. కానీ ఊరితో కూర్చుని మాట్లాడకపోతే ఏమవుతుందో ఈ జిల్లా కళ్లారా చూసింది. 2010లో సోంపేటలో, 2011లో కాకరాపల్లిలో థర్మల్ ప్లాంట్ల గొడవల్లో కాల్పుల దాకా వెళ్లి మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రేపు మా వైపు కూడా కార్లకో బ్యాటరీలకో సంబంధించిన ఫ్యాక్టరీలు రావచ్చు, భోగాపురం విమానాశ్రయం పక్కన భూముల ధరలు చూస్తే అందరూ అదే ఆశతో ఉన్నారని తెలుస్తుంది. అప్పుడు మా ఊళ్లవాళ్లు మీ పేరు వినగానే మంచిమాట అనాలో వద్దో ఈ పిల్లలతో మీరు ఎలా ఉన్నారన్నదాన్ని బట్టే ఉంటుంది.

ఈ లేఖ కాపీలు జిల్లా కలెక్టరు గారికి, ఉపాధి కల్పనాధికారికి, అప్రెంటిస్‌షిప్ అడ్వైజరు గారికి పంపుతున్నాను. వాళ్లకూ ఒక మనవి: జాబ్ మేళాలో ఎంతమందికి ఆఫర్ లెటర్లు ఇప్పించామో చెప్పడంతో ఆగకుండా, రెండేళ్ల తర్వాత వాళ్లలో ఎంతమంది పనిలో ఉన్నారో కూడా లెక్క తీయించండి.

జూన్‌లో మళ్లీ మీ బస్సు వస్తుంది. దానికి ముందు, మే నెలాఖరులోపు, 1, 3, 4 పాయింట్ల మీద మీనుంచి రాతపూర్వకంగా జవాబు కావాలి. మిగతావి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. జవాబు రాకపోతే మేళా రోజున నేను మీకు అడ్డుపడను, పిల్లల అవకాశం పోగొట్టే హక్కు నాకు లేదు. గేటు దగ్గర నిలబడి, మిమ్మల్ని అడగాల్సిన ప్రశ్నలు తెలుగులో అచ్చు వేసిన కాగితం ప్రతి అమ్మకీ, నాన్నకీ ఇస్తాను. వాళ్లే అడుగుతారు.

మీలో ఎవరైనా స్వయంగా వచ్చి మాట్లాడతానంటే నాకు అంతకంటే సంతోషం లేదు. ఆముదాలవలసలో రైలు దిగితే నేనే స్టేషనుకొస్తాను. ఆదివారం అయితే మంచిది, కూలికెళ్లేవాళ్లు కూడా ఇంటిదగ్గర దొరుకుతారు. నా నోటుపుస్తకంలో ఉన్న 43 ఇళ్లలో ఎన్ని తిరగగలిగితే అన్ని తిరుగుదాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఐటీఐ మాస్టరు,
శ్రీకాకుళం జిల్లా